ఎలుక బిడ్డ తిండి, నా బిడ్డ తిండి

ఏం చదువుతున్నావమ్మా అని మా తార్నాక అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరడిగినా ‘జువాలజీలో పీహెచ్‌డీ’ అని ఊరుకునేదాన్ని. మా అత్తమ్మ అక్కడితో ఆగనిచ్చేది కాదు. ‘ఎలుకల మీద చదువుతది. కడుపుతోని ఉన్న ఎలుకలు’ అని పక్కనుంచి పూర్తి చేసేది. మా అంతస్తు వచ్చేలోపు అవతలి మనిషి ముఖంలో జాలి, రోత రెండూ కనిపించేవి. నాకసలే ముక్కు మీద కోపం. ఇంట్లో అడుగుపెట్టగానే ‘మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా అత్తమ్మా’ అనేదాన్ని. ‘ఉన్న ముచ్చటే చెప్పిన కదనే బిడ్డా, లేనిది చెప్పిన్నా’ అని ఆవిడ నవ్వేసేది.

అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. మామయ్య రైల్వేలో చేసినన్నాళ్ళూ మెట్టుగూడ క్వార్టర్లలోనే ఉన్నారు. మాది కాకినాడ. మా ఆయనా నేనూ క్యాంపస్ లైబ్రరీలో ఒకే ఫ్యాన్ కింద సీటు కోసం పోట్లాడుకుని పరిచయమైనవాళ్ళం. ఆ పోట్లాట ఇప్పటికీ తెగలేదు. మామయ్య పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఆమె తెలంగాణ తిండి, నా గోదావరి నోరు ఒకే వంటింట్లో ఇమడవని అందరూ అన్నారు. ఇమడడం మాట అటుంచి, మా ఆయన రెండు కిలోలు పెరిగాడు.

నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కొత్త మందు తయారైతే దాన్ని గర్భిణుల మీద పరీక్షించి చూడలేం కదా. అందుకని ముందు గర్భంతో ఉన్న ఎలుకలకూ కుందేళ్ళకూ ఇచ్చి చూస్తారు. పిల్లలు సరిగా ఏర్పడకపోతే ఆ మందు పక్కన ఎర్రజెండా పడినట్టే. ఆ జెండా ఎందుకు పడిందో కనుక్కోవడం నా పని. ఆ హాని మనిషి బిడ్డకూ జరుగుతుందా, లేక ఎలుక గనుక అలా జరిగిందా? కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. మా ఆయన దాన్ని తిప్పి, ‘మా ఆవిడ ఎలుకను తవ్వి కొండను వెతుకుతోంది’ అని స్నేహితుల దగ్గర జోకులేసేవాడు.

దీనికోసం మేం ఒక నీలిరంగు వాడేవాళ్ళం. బట్టలకద్దే రంగుల జాతిదే. సరిగ్గా అవయవాలు ఏర్పడే రోజుల్లో తల్లి ఎలుకకు దాన్ని సూదిమందుగా ఇస్తే, పిల్లల మెదడూ వెన్నూ కళ్ళూ సరిగా ఏర్పడవు. మా గైడు మేడమ్ చదువుకోకముందు నుంచీ లోకానికి తెలిసిన సంగతే ఇది. అలాంటి పిండాలను మైక్రోస్కోపు కింద పెట్టి, మెదడెలా ఉంది, వెన్ను మూసుకుందా, కళ్ళున్నాయా అని ఒక్కొక్కటీ చూడడమే నా దినచర్య. కళ్ళు మూసుకున్నా అవే కనిపించేంతగా చూశాను.

ఎలుకకు సూది వేసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు వేయాలి. ఆ రోజు నా జోడీ అమ్మాయి టీకి వెళ్ళింది. దీనికి ఇద్దరెందుకులే అని నేనొక్కదాన్నే ఎడమచేత్తో ఎలుకను పట్టుకున్నాను. అది ఒక్క తాపు తన్నింది. సూది దానికి దిగలేదు, గ్లౌజును పొడుచుకుని నా బొటనవేల్లో దిగింది. నొక్కి రక్తం కార్చి, సబ్బుతో కడిగి, పట్టీ వేసుకుని, ఎలుకను నాలుగు తిట్టి పనిలో పడ్డాను. చర్మం కింద ఆవగింజంత నీలిచుక్క ఉండిపోయింది. ఇంట్లో అత్తమ్మ చూసి ‘గిదేంది, పచ్చబొట్టు పొడిపించుకున్నవా?’ అంది. ‘సిరా’ అన్నాను.

తర్వాత కొన్ని వారాలకు, పొద్దున్నే, బాత్రూమ్‌లో, పరీక్ష పట్టీ మీద రెండు గీతలు కనిపించాయి. మేం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న గీతలు అవి. మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే నన్ను ఎత్తుకున్నాడు, పేస్టంతా నా జడకంటింది. అత్తమ్మ దేవుడికి దండం పెట్టి, కింద ఫ్లోరువాళ్ళకి చెప్పడానికి చెప్పులేసుకుంది. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆమెను తలుపు దగ్గర పట్టుకుని ఆపేసరికి నా తాతలు దిగొచ్చారు.

ఆ సంతోషంలోనే క్యాంపస్‌కు బయల్దేరాను. బస్సులో పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కళ్ళ ముందు నా బొటనవేలు. నీలిచుక్క. ఆ సూది గుచ్చుకున్న రోజు, ఈ గీతలు, మధ్యలో వారాలు. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. మళ్ళీ లెక్కేశాను. నా కడుపులో బిడ్డకు మెదడూ వెన్నూ ఏర్పడడం మొదలయ్యే రోజుల్లోనే ఆ రంగు నా ఒంట్లోకి వెళ్ళింది.

స్టాపు దాటిపోయింది. దిగి వెనక్కి నడుస్తుంటే నా మైక్రోస్కోపు కింది పిండాలన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. తెలియనివాళ్ళకు ఒకటే భయం, తెలిసినవాళ్ళకు వంద భయాలు. రాత్రి మా ఆయనకు చెప్పాను. ‘ఒక్క చుక్క కదా, అదేం చేస్తుంది’ అన్నాడు పాపం, ధైర్యం చెబుదామని. ‘నీకేం తెలుసని మాట్లాడతావు’ అని విరుచుకుపడ్డాను. ‘సరే, నీకు తెలుసు కదా, నువ్వు చెప్పు’ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మేడమ్ గదికి వెళ్ళాను. మా మేడమ్‌ది గుంటూరు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. ఆవిడ కారిడార్లో నడిస్తే మగపిల్లలు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవారు. స్టీలు క్యారియర్ విప్పి భోజనానికి కూర్చోబోతున్నారు. తలుపు దగ్గరే నిలబడి అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ముందు తిట్టారు. సూది గుచ్చుకున్నప్పుడే ఎందుకు చెప్పలేదని, ఒక్కదానివే ఎలుకను ఎందుకు పట్టుకున్నావని, చదువుకున్న గాడిదవని. ‘ఇవాళ్టి నుంచి ఎలుకల గది గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను’ అన్నారు. తర్వాత గిన్నె మీద మూత పెట్టి, ‘కూర్చో. వైవా’ అన్నారు.

ఆవిడ నిజంగానే అంటున్నారు.

‘ఎలుక పిండానికి, అవయవాలు ఏర్పడే రోజుల్లో, తిండి ఎక్కడినుంచి వస్తుంది?’

‘సొనసంచి నుంచి మేడమ్.’

‘కోడిగుడ్డులో లాగా సొన ఉంటుందా అందులో?’

‘ఉండదు మేడమ్. పేరుకే సొనసంచి. తల్లి గర్భంలో చుట్టూ ఉండే మాంసకృత్తులను అది గుక్కలు గుక్కలుగా మింగుతుంది. లోపల అరిగించి ఆ సారాన్ని పిండానికి ఇస్తుంది. మాయ పని మొదలుపెట్టేదాకా అదే దానికి వంటిల్లు.’

‘మన నీలిరంగు ఏం చేస్తుంది?’

‘సంచి దాన్ని కూడా మింగేస్తుంది. దాంతో లోపల అరగడం ఆగిపోతుంది.’

‘రంగు పిండంలోకి పోతుందా?’

‘పోదు మేడమ్. సంచిలోనే ఉండిపోతుంది.’

‘అంటే ఆ పిండానికి తగిలింది విషం కాదు, ఆకలి. అవునా? మరి మింగడానికి ఎలుక సంచికి అంత వీలెలా కుదిరింది?’

‘అది తిరగేసి ఉంటుంది మేడమ్. మింగే వైపు బయటికి, తల్లి వైపుకు...’ అంటూ ఆగిపోయాను.

మేడమ్ బల్ల మీది డబ్బాలోంచి ఒక గ్లౌజు తీసి చేతికి తొడుక్కున్నారు. మేమందరం రోజూ తీసినట్టే మణికట్టు దగ్గర పట్టి లాగేశారు. అది లోపలి వైపు బయటికొచ్చి తిరగబడి ఊడింది. ‘ఇది ఎలుక’ అని నా ముందు పడేశారు. ఇంకోటి తీసి, తిరగేయకుండా, ఉన్నదున్నట్టు దాని పక్కన పెట్టారు. ‘ఇది నువ్వు. నీ బిడ్డ సొనసంచిలో ఆ మింగే వైపు లోపలికి ఉంటుంది. పైగా నీ గర్భసంచి గోడను అసలు తాకదు, చిన్న బుడగలా నీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. ఈ వాక్యం నీ థీసిస్‌లో ఉందా లేదా?’

‘ఉంది మేడమ్. మొదటి అధ్యాయంలో.’

‘ఎవరు రాశారు?’

‘నేనే.’

‘నువ్వు ఎలుకవా?’

‘కాదు మేడమ్.’

‘గట్టిగా చెప్పు, వినిపించట్లేదు.’

‘నేను ఎలుకను కాదు మేడమ్’ అన్నాను. పక్క గదిలో ఎవరో దగ్గారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దానో నాకే తెలుసు, కామా పెట్టి, కామా తీసి. రాస్తున్నది నా కడుపు గురించి కూడానని ఒక్కసారీ తోచలేదు.

మేడమ్ గొంతు తగ్గించారు. ‘చూడమ్మా, ఏమీ కాదని నేను రాసివ్వను. మనిషి పిండం మొదటి నెలల్లో ఏయే దారుల్లో ఏం తీసుకుంటుందో మనకు పూర్తిగా తెలియదు. ఎలుకకు అయింది గనుక నీకూ అయి తీరుతుందని అనుకోకు, అంతే నేను చెప్పేది. ఆ సూదిలోంచి నీలోకి పోయింది చుక్కలో చుక్క. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏదీ దాచకుండా చెప్పు. ఇప్పుడు ఇది తిను’ అని పెరుగన్నం సగం మూతలో పెట్టి, పైన మాగాయ ముక్క వేసి నా ముందుకు తోశారు. రెండు రోజుల్లో నేను సరిగ్గా తిన్న తిండి అదే.

డాక్టరు కూడా దాదాపు ఇలాగే అన్నారు. ఒంట్లోకి పోయింది చాలా తక్కువ, కంగారు పడొద్దు, అయిదో నెలలో పెద్ద స్కానింగ్‌లో మెదడూ వెన్నూ అన్నీ కనిపిస్తాయి, అప్పుడు చూద్దాం అన్నారు. అప్పటిదాకా ఆగాలి.

ఆగడమంటే మాటలా? అదృష్టం కొద్దీ నాకు వేవిళ్ళు మొదలయ్యాయి, భయపడడానికి తీరిక దొరకలేదు. అత్తమ్మ జొన్నరొట్టె చేసింది, సర్వపిండి చేసింది, పచ్చిపులుసు చేసింది. ఏది తిన్నా వచ్చినదారినే పోయేది. సాయంత్రం క్యాంపస్ గేటు దగ్గర బండి మీది మిర్చి బజ్జీ మాత్రం కడుపులో నిలిచేది. మేడమ్ చూస్తే చంపేస్తారని చెట్టు చాటున నిలబడి తినేదాన్ని. అత్తమ్మ పళ్ళెం పట్టుకుని నా వెనకే తిరిగేది.

‘గింత తిను బిడ్డా. నువ్వు తినకుంటే లోపలున్నదానికి ఏం పోతది?’

‘ఇప్పుడది నా పళ్ళెంలోంచి తినట్లేదు అత్తమ్మా’ అన్నాను ఒకరోజు, సోఫాలో వాలిపోయి. ‘మొదటి నెలల్లో గర్భసంచి గోడల్లోనే ఒక రసం ఊరుతుంది. దానికి కావలసిన సారమంతా అందులో ఉంటుంది. బిడ్డ చుట్టూ ఉన్న పొర దాన్ని పీల్చుకుంటుంది. నా రక్తంలోంచి అసలు తిండి పోవడం తర్వాత సంగతి. పాతకాలం పుస్తకాల్లో ఆ రసాన్ని గర్భసంచి పాలు అనేవారు.’

అత్తమ్మ పళ్ళెం టీపాయ్ మీద పెట్టి కూర్చుంది. ‘అంటే లోపట్నే చనుబాలు ఉంటయా?’

‘అలాంటివే.’

‘మేం ఇద్దర్ని కన్నం, మాకెవరూ చెప్పలేదు చూడు’ అంది. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను కూడా పొంగిపోయాను. మా సెమినార్లలో నా మాటలకు అలా వెలిగిన ముఖాన్ని నేను చూడలేదు.

మూడు నెలలు నిండాయి, నోటికి తాళం తీసేశాం. ఇక చూడాలి. లిఫ్టులో వాచ్‌మన్ భార్య ‘మీ పాప అప్పుడే పాలు తాగుతున్నదంట గద మేడం’ అంది. రెండో అంతస్తు పెద్దావిడ, రాజమండ్రి మనిషి, గంగాళంలాంటి గ్లాసుతో పాలు పట్టుకొచ్చి, ‘నువ్వు బాగా తాగితే లోపల బాగా ఊరతాయమ్మా’ అని ఎదురుగా కూర్చుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అత్తమ్మ మీద కేకలేద్దామని డాబా ఎక్కాను. అక్కడ మిరపకాయలు ఎండబోస్తూ అయిదారుగురు ఆడవాళ్ళున్నారు. మధ్యలో అత్తమ్మ. ‘వచ్చింది, దాన్నే అడగుండ్రి’ అంది తాపీగా.

అడిగారు. ఇక నేను ఊరుకుంటానా? మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే పాఠం చెప్పాను. ఎలుక బిడ్డ తిండి ఎలా, కుందేలు బిడ్డ తిండి ఎలా, మన బిడ్డ తిండి ఎలా. సంతలో నైటీ బేరం చేసినట్టు ప్రశ్నలు వేశారు. ‘మరి ఎలుక వేరు, మనం వేరు అయితే, ఎలుకల మీద మందులు చూసుడెందుకు?’ అని వాచ్‌మన్ భార్య అడిగింది.

‘చాలా విషయాల్లో ఒకటే గనుక. ఎక్కడ ఒకటో, ఎక్కడ వేరో తెలుసుకోవాలి. అందుకే కదా నా చదువు’ అన్నాను. కానీ ఈ లెక్క రెండు వైపులా తిరుగుతుంది. ఎలుకను చెరిపి మనిషిని వదిలేసేవి ఉన్నట్టే, ఎలుకను పెద్దగా ఏమీ చేయక మనిషి బిడ్డల చేతులూ కాళ్ళూ ఎదగకుండా చేసిన మందు కూడా ఒకప్పుడు ఉండేది. ఆ సంగతి డాబా మీద చెప్పలేదు. నా బొటనవేలు ఎవరూ చూడకుండా కొంగులో దాచుకుని కిందికి దిగాను.

అయిదో నెల వచ్చింది. తార్నాక మెట్రో దగ్గర స్కానింగ్ సెంటర్. లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. మా ఆయన లేచాడు. అత్తమ్మ అప్పటికే లేచి తలుపు దగ్గరుంది. ‘నువ్వు గీడ కూసో, బండి చూసుకో’ అంది కొడుకుతో. ఆయన నా వైపు చూశాడు. నేను అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను.

స్కానింగ్ డాక్టరమ్మ మాట తక్కువ మనిషి. పొట్ట మీద చల్లటి జెల్ రాసింది. ‘మెదడు, వెన్ను, కళ్ళు నాకు కూడా చూపించండి. నేను రోజూ చూసేవే, గుర్తుపడతాను’ అన్నాను. ‘మీరు డాక్టరా?’ అని అడిగింది. ‘ఎలుకలకు’ అన్నాను. ఆవిడ వింతగా చూసి, సరేనని తెర నా వైపు తిప్పింది. వరస నా తలలో సిద్ధంగా ఉంది. ముందు మెదడు గదులు, తర్వాత వెన్ను, మెడ దగ్గర్నుంచి కిందికి, ఒక్కో పూసా.

తెర మీద బూడిదరంగు కదిలింది. అందులోంచి ఒక చెయ్యి పైకి లేచింది. అయిదు వేళ్ళు విచ్చుకున్నాయి. ముఖం మీద రాసుకుంది. కాలితో ఒక్క తన్ను తన్ని అటు తిరిగిపోయింది.

నేనిన్నేళ్ళు చూసిన పిండాలన్నీ తల్లి కడుపు కోసి బయటికి తీసినవే. వాటిని చూడడమంటే అక్కడితో వాటి కథ ముగియడమే. తల్లిలోనే ఉండి, తన పని తాను చేసుకుంటూ, చూసేవాళ్ళను లెక్కచేయకుండా తిరుగుతున్న పిండాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒళ్ళంతా నవ్వొచ్చింది. ‘కదలకండి’ అని డాక్టరమ్మ కసిరింది.

వరసగా కొలతలు తీసుకుంది. ‘వెన్ను చూశారు కదా?’ అంది.

నేను చూడలేదు. మెదడు చూడలేదు, కళ్ళు చూడలేదు. ఆ చెయ్యే చూస్తూ ఉండిపోయాను.

‘ఇంకోసారి చూపించండి మేడమ్’ అన్నాను.

ఆవిడ నిట్టూర్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ‘ఇదిగో మెదడు, బాగుంది. కళ్ళు రెండూ ఉన్నాయి. ఇది వెన్ను, పైనుంచి కిందిదాకా మూసుకునే ఉంది.’ నేను చూడాలనే చూశాను. కానీ కళ్ళ నిండా నీళ్ళు, తెరంతా అలుక్కుపోయింది.

‘మీరు చూడండి అత్తమ్మా, నాకు కనిపించట్లేదు’ అన్నాను.

అత్తమ్మ నా చెయ్యి వదలకుండానే ముందుకు వంగింది. ‘చూస్తున్ననే బిడ్డా’ అంది. ‘మంచిగున్నది.’